గళ్ల చీరల్లో అలలు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే తల నెరవాలంటారు. నాకింకా నెరవలేదు గానీ, మూతికి గుడ్డ కట్టుకుని పాలప్యాకెట్టుకు సబ్బుతో స్నానం చేయించిన కాలాన్ని మరేమనాలి? ఆ రోజుల్లో సూరత్‌లో గడప దాటితే నేరం, దగ్గితే అంతకన్నా పెద్ద నేరం. మనిషికీ మనిషికీ మధ్య దూరం ఉండాలని టీవీలో రోజూ చెప్పేవారు. లింబాయత్ బస్తీలో మా ఇంటిని వాళ్లు చూడలేదు పాపం. ఉన్న ఒక్క గది నిండా చీరల మూటలే. పొట్ట చేతపట్టుకుని ఇక్కడికి వలసొచ్చి, జన్మంతా సేఠ్‌ల కోసం నేసిన మా మామ సరిగ్గా ఆ ఏడాదే సొంత వ్యాపారానికి ముహూర్తం పెట్టారు (ఆయన ముహూర్తాలు అలాగే ఉంటాయి, నా పెళ్లికి పెట్టిందీ ఆయనే). ఆయన నేసిన సన్న గళ్ల చీరలు పల్సానా మిల్లులో తుదిమెరుగులు దిద్దుకుని ఇంటికొచ్చాయి, మార్కెట్‌కు తాళం పడింది. ఆ మూటల మీదే తిన్నాం, ఆ మూటల మీదే పడుకున్నాం. అవి అమ్ముడుపోకపోతే పక్క రేకుల షెడ్డులోని మా రెండు సాంచెలూ (మరమగ్గాలను మేమలాగే అంటాం) పాత ఇనుముకు పోవాల్సిందే. ఎవరూ గడప దాటకూడని ఆ రోజుల్లో కబాడీవాడు మాత్రం ఎలా దాటాడో గానీ, వచ్చి, పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు వాటిని ఎగాదిగా చూసి పోయాడు.

అప్పుడు లేచాడు మా మరిది. పొద్దస్తమానం ఫోన్‌లోకి చూస్తుంటే ఆన్‌లైన్ చదువనే అనుకున్నాం. "టెన్షన్ మత్ లో బాపు, వెబ్‌సైట్ పెడ్త. చీరలు ఇంట్ల ఉంటయి, గిరాకి దునియా అంత ఉంటది" అన్నాడు. మేడ మీద చీర పట్టుకుని నిలబడే ఉద్యోగం నాకు దొరికింది. "కోడలి మొఖం దునియా అంత ఎందుకు చూడాలె?" అన్నారు మామ. అలా తల లేని అందగత్తెనయ్యాను. మామ పెట్టిన షరతు ఒక్కటే: "పోగు పోగు కనబడాలె. కొనెటోళ్లు లెక్కవెట్టుకోవాలె." మరిది అక్షరాలా అలాగే తీశాడు. ఫోటోలు చీరలకన్నా బరువయ్యాయి.

మొదటి గిరాకీ పెద్దపల్లిలో ఇంటి దగ్గరే చీరలమ్మే ఒక పెద్దావిడ. నచ్చితే మూటలన్నీ తనే తీసుకుంటానంది. మర్నాడు ఫోన్ చేసింది. "బిడ్డా, పొయ్యి మీద పప్పు వెట్టి మీ దుకాణం తెరిచిన. పప్పు ఉడికింది, తిన్నం, గిన్నెలు గూడ తోముకున్న. మీ చీర ఇంక పైఅంచు కాడ్నే ఉన్నది. కుచ్చిళ్ల దాక దసరాకన్న వస్తదా?"

మరిది తల గోక్కున్నాడు. "ఫోటోలు బరువైనయి బాపు. జర పలచగ చెయ్యాలె, అప్పుడు జల్ది తెరుసుకుంటది."

మామ లేచి నిలబడ్డారు. "పలచగనా? పోగులు తగ్గిస్తవా? మా తాత కాలం సంది ఒక్క పోగు దొంగతనం చెయ్యలే!"

"చీరల కాదు బాపు, ఫోటోల."

"ఇయ్యాల ఫోటోల తగ్గిస్తవు, రేపు చీరల తగ్గిస్తవు. ఆదత్ అట్లనే అయితది!"

మధ్యాహ్నం ఆయన మూట మీద గుర్రు పెట్టగానే వదినా మరుదులం కలిసి ఆ ఘోరం చేసేశాం. చిటికెలో తెరుచుకుంది దుకాణం. సాయంత్రానికి పెద్దపల్లి ఆవిడ ఫోన్: "ఎంత ముద్దుగున్నయి బిడ్డా ఆ నీళ్ల అలలు! మూటలన్ని నాకే తోలు."

అలలా? పరుగెత్తి ఫోన్ చూశాం. ఫోటో కుదించేసరికి సన్న గళ్లన్నీ ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని, చీర నిండా అలలై పారుతున్నాయి. సాంచె మీద లేని డిజైన్ ఫోన్ నేసింది! పంపేసి ఊరుకుందామని మరిది గొణిగాడు. మా వెనకే నిలబడి అంతా విన్న మామ సాంచెల వైపు ఒకసారి చూసి, "లేని సరుకు అమ్మి వీటిని నడుపుతనా? ఫోన్ చెయ్యి బిడ్డా, గళ్లే అని చెప్పు" అన్నారు.

వీడియో కాల్ చేసి, అసలు చీరనే విప్పి చూపించాను. "అమ్మా, అలలు లేవు, ఉత్త గళ్లే."

ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. "నాకు కండ్లు లేవనుకున్నవా? అలలు కొట్టుకుంట పోతున్నయి గదా! ఇంకెవరికన్న ఎక్కువకు అమ్ముకునెటందుకు దాస్తున్నవా?"

వీడియో కూడా ఫోటోలాగే కుదించుకుపోయి వెళ్తుందని మాకేం తెలుసు? నేను ఎన్నిసార్లు నిజం చెబితే అన్ని అలలు లేచాయి. వెనక నుంచి మామ "గళ్లమ్మా, గళ్లు! నేనే నేసిన!" అని అరిచారు. నిజం చెప్పి దొంగలమైన ఇల్లు సూరత్ మొత్తానికి మాదొక్కటే. ఆఖరికి, పార్సెల్ బళ్లు తిరగడం మొదలవగానే ఒక్క చీర పంపి, కబాడీవాడికి ఎదురుచూస్తూ కూర్చున్నాం.

పార్సెల్ అందాక ఫోన్ వచ్చింది. "గళ్లే ఉన్నయి బిడ్డా. మస్తు కోపమొచ్చింది. వాపస్ తోలుదామని మడతవెట్టుకుంట కిటికీ కాడ నిలవడ్డ. మడత మీద మడత వడ్డది, ఎలుతురు తగిలింది, అలలు లేచినయి! మీ మామకు తెల్వదా? పోగు పలచగుంటె ఇట్ల లేస్తదా? ఇది గట్టి నేత. తోలు అన్నీ."

మూటలు పోయాయి, సాంచెలు మిగిలాయి. గది ఖాళీ అయింది గానీ, మెత్తటి పడక పోయింది. మామ మాత్రం మిగిలిన ఒక ముక్కను రెండు మడతలు చేసి కిటికీకి పట్టుకుని అటూ ఇటూ జరిపి చూశారు. "ఇన్నేండ్లు నేసిన గానీ, ఒక్కనాడన్న ఎలుతురుకు వట్టి చూడకపోతి" అన్నారు. ఆ తర్వాత ఫోటోలు తగ్గించొద్దని ఆయన ఎప్పుడూ అనలేదు, ఒప్పుకున్నట్టూ అనలేదు.

ఆ ముక్క ఇప్పుడు నా పెట్టెలో ఉంది. మేడ మీద ఎండలో కళ్లు చికిలించుకుంటూ నిలబడిన ఆ తల లేని పిల్ల, ఎవరూ చూడకపోయినా ఫోటోకి నవ్వుతూనే ఉండేది, పిచ్చిది. ఎప్పుడైనా ఆమె గుర్తొస్తే రెండు మడతలు వేసి కిటికీకి పడతాను. అలలు లేస్తాయి, ఆ రోజుల దుకాణం ఇప్పటికీ చిటికెలో తెరుచుకుంటుంది.