పసుపు నీళ్లకు మూగబోని పిన్ను

తొంభై ఆరులో సూరారంలోని రేడియోల ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు అందరూ ఏడ్చారు గానీ, సత్తమ్మ మాత్రం తిట్టింది. ఏళ్ల తరబడి వైర్లు అతికించిన చేతులవి, ఊరికే ఉంటాయా? సొంతూరు రావల్‌కోల్‌కు తిరిగొచ్చి, తనతోపాటే పని పోగొట్టుకున్న రాధమ్మకు మాటిచ్చింది.

"జర ఆగు అక్కా. ఇద్దరం గలిసి ఏదన్న జేద్దాం."

ఆ 'ఏదన్న' ఏమిటో ఆ ఏడు బోనాల్లో తెలిసింది. బోనమెత్తిన ఆడవాళ్లు పోచమ్మ గుడి ముందుకు రాగానే వాళ్ల కాళ్లకు బిందెలతో పసుపు నీళ్లు పోస్తారు. ప్రతి ఏడూ సరిగ్గా అప్పుడే మైకు మూగబోతుంది. మైకుసెట్టు తెచ్చే మేడ్చల్ బాలమల్లు ఆంప్లిఫయర్‌ను దబదబా బాదేవాడు. అమ్మవారికి కోపమొచ్చిందని ముసలివాళ్లు లెంపలేసుకునేవారు. ఈసారి సత్తమ్మ వెళ్లి, నేల మీద రెండు వైర్లను కలిపే పిన్నును ఊడదీసి దులిపింది. పసుపు నీళ్లు కారాయి. పాపం, ఇన్నాళ్లూ అమ్మవారిని అనవసరంగా ఆడిపోసుకున్నారు.

నీళ్లు పోయొద్దని ఎవరంటారు? అంటే పిన్నే మారాలి. ఇద్దరూ ఇత్తడి పిన్నులకు సైకిల్ ట్యూబు ముక్కలు బిగుతుగా తొడిగి, కొసలకు మైనం పోసి, బకెట్లో ముంచి చూశారు. ఎన్ని పాడయ్యాయో అడగొద్దు. మరుసటి ఎండాకాలం పోయేసరికి ఒక రకం నిలబడింది.

బాలమల్లు చూసి నవ్వాడు. "మైకు పిన్నుకు గిరాకేంది సత్తమ్మా? సూదులమ్ముకో, ఇంటికి నాలుగన్న పోతయి."

"ఆషాఢంల ఏ ఊర్లె మైకు మూగబోదో చెప్పు మల్లన్నా. గా ఊరొక్కటి ఇడిసిపెడ్త, మిగతయన్ని నా గిరాకే."

షామీర్‌పేట మైకుసెట్టువాడి దగ్గరా అదే నవ్వు ఎదురైంది. దాంతో రాధమ్మకు ఓపిక అయిపోయింది. బోనాలు కాగానే కండ్లకోయలో కట్టే కాలేజీకి ఇటుకలు మోయడానికి ఒప్పుకుంది. "పిల్లలకు పిన్నులు వండి పెట్టాల్నా సత్తమ్మా?" అంది. ఆ మాటకు సత్తమ్మకు కన్నీళ్లొచ్చాయి, కోపమూ వచ్చింది.

బోనాల రోజు బాలమల్లు వైర్లు పరుస్తుంటే సత్తమ్మ దారికడ్డంగా కూర్చుంది.

"నా పిన్ను పెడ్తెనే లేస్త."

డప్పులు దగ్గర పడుతున్నాయి. బాలమల్లుకు చెమటలు పట్టాయి. "పాటలోళ్ల మైకుకు నీది పెట్టుకో తల్లీ, నా మైకుకు నాదే. ఆగిందంటె మల్ల నా దుకాణం గడప తొక్కకు!"

బోనాలొచ్చాయి. బిందెలకు బిందెలు గుమ్మరించారు. "భక్తులారా, జర పక్కకు..." అంటుండగానే బాలమల్లు మైకు చచ్చింది. పాటలవాళ్ల మైకు మాత్రం, పిన్ను నీళ్లలో మునిగి ఉన్నా, ఖంగున మోగుతూనే ఉంది. బాలమల్లు పరుగున వచ్చి ఆ మైకే అందుకున్నాడు. ఎదురుగా సత్తమ్మ కనబడేసరికి, చేతిలో మైకుందన్న సంగతే మరిచాడు.

"సత్తమ్మా! గిసొంటియి ఎన్నున్నయే? అన్ని నాకే గావాలె. షామీర్‌పేటోళ్లకు ఒక్కటి గూడ ఇయ్యకు!"

ఊరు ఊరంతా విన్నది. చుట్టపుచూపుగా వచ్చిన షామీర్‌పేట మైకుసెట్టువాడూ విన్నాడు. "గదెట్ల?" అంటూ జనాన్ని తోసుకుని వచ్చాడు. వాళ్లిద్దరూ కొట్లాడుకుంటుంటే సత్తమ్మ తీరిగ్గా మైకు తీసుకుంది. ఆమె కళ్లు బోనాల వరుసలో రాధమ్మను వెతికాయి.

"రాధక్కా! ఇటుకలకు పోకు. రేపట్సంది మనకు చేతినిండ పని!"