ఎండకు ఎదురుగా: వజ్రకరూరు చేలో గాజుదారం వేట

తొలకరి పడిందంటే వజ్రకరూరు చేలల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతారని చిన్నప్పటినుంచీ వింటున్నాను. అయినా నన్ను కదిలించింది ఆ ఆశ కాదు, నా క్లాస్‌మేట్ సునంద ఫోను. ఇంటర్నెట్ తీగల్లో వెలుగును మోసే గాజుదారాన్ని అంతరిక్షంలో తీసే కొలిమి కోసం బెంగళూరులో పన్నెండేళ్లుగా తంటాలు పడుతున్న ఇంజినీరు తను. బరువు తెలియని చోట తీస్తే ఆ దారం మచ్చ లేకుండా వస్తుందట. "తీయడం వచ్చేసిందే. తెగకుండా కిందికి తేవడమే మిగిలింది. రేపు వజ్రకరూరు చేలో చేసే పరీక్షలో తెగితే ప్రాజెక్టు మూసేస్తారు. వచ్చి పక్కన నిలబడు" అంది.

అనంతపురంలో ఆరింటి బస్సెక్కితే ఏడున్నరకు ఉరవకొండ. అక్కడ ఇడ్లీ తిని, నలభై రూపాయలకు షేర్ ఆటో ఎక్కాను. "ఏమక్కా, వజ్రాలకా?" అన్నాడు డ్రైవరు. "కాదన్నా, గాజుకి." "గాజుకోసరం ఇంత దూరం వచ్చినావా!" అని పగలబడి నవ్వాడు.

తొమ్మిదింటికి, భూమ్మీదే తీసిన దారాన్ని ఒక డబ్బాలో పెట్టి, సునందవాళ్లు బెలూన్ నుంచి కిందికి వదిలారు. పారాచూట్ కాస్త ఆలస్యంగా విచ్చుకుంది. డబ్బా రాయికి తగిలి మూత ఊడింది, లోపలి దారంపెట్టె ఎటో ఎగిరిపడింది. అగ్గిపెట్టెంత రేకు పెట్టె, అంత పెద్ద చేను! గంటసేపు వెతికాం. సునంద మొహంలో నెత్తురు చుక్క లేదు.

పక్క చేలో వజ్రాలు వెతుకుతున్న ఓబులమ్మ చూసి చూసి కేకేసింది. "ఏమప్పా, సదువుకున్నోళ్లు! ఎండను వీపున పెట్టుకుంటే ఏం కనపడతాది? ఎదురుగా నడవండి. మెరిసేది దానంతటదే కండ్లల్లో పడతాది." మమ్మల్ని వరసగా నిలబెట్టి తనూ నడిచింది. పది నిమిషాల్లో వంగి పెట్టె తీసింది.

సునంద పెట్టె తెరిచి, దారం ఒక కొసన టార్చి వెలిగించింది. రెండో కొసన సూదిమొనంత వెలుగు! తెగలేదు! నేను ఏడ్చేశాను, సిగ్గెందుకు? "మూత సంగతి నేను చూసుకుంటా" అంటూ తనూ ముక్కు చీదింది.

ఇది పన్నెండేళ్ల కష్టమని సునంద చెబితే ఓబులమ్మ తొంగి చూసింది. "ఇంతేనా? దీనికి పన్నెండేండ్లా?"

"అవునక్కా" అంది సునంద.

"పోనీలే, నీకు దొరికింది. నేను ఇరవై ఏండ్లుగా ఎతుకుతాండా, ఒక్కటీ దొరకల్యా."

"మరి ఇంకా ఎందుకక్కా?" అన్నాను నేను.

"వాన పడినాక ఇంట్లో ఎట్లుంటానమ్మా?"

సునంద ఓపికను మెచ్చుకోవాలని వెళ్లినదాన్ని, తిరుగు బస్సులో ఇద్దరి గురించీ ఆలోచిస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్లు ఎలా వెతికావని వాళ్లిద్దరూ ఒకరినొకరు అడగనే లేదు. మీరు వెళ్లాలనుకుంటే విత్తనం పడకముందే వెళ్లండి, రైతునడిగి చేలో దిగండి, పొద్దున్నే ఎండకు ఎదురుగా నడవండి. ఓబులమ్మ కనిపిస్తే మాత్రం కాస్త పక్కకు జరగండి. ముందు ఆమెకు దొరకాలి.