అటువైపు వెళ్ళిన ఇత్తడి తాళం

తాళాల మేస్త్రి కొట్టు మార్కెట్ వీధిలో మేడమెట్ల కింద ఉంటుంది. లేచి నిలబడితే తల తగులుతుంది కాబట్టి ఆయన లేవడు. వచ్చినవాళ్ళే వంగి మాట్లాడతారు. "నా ముందు ఎంతటివాడైనా తల వంచాల్సిందే" అని ఆయన వేళాకోళం. కొట్టులో ఇనుపముక్క బిగించి పట్టుకునే ఒక వైసు, నాలుగైదు ఆకురాళ్ళు, ఏ తాళానికీ పట్టని తాళంచెవులతో నిండిన డబ్బాలు. పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చిన్నప్పుడు పాత సామాన్ల కొట్లో పనిచేస్తూ, ఎవరికీ అక్కర్లేని తాళాలు విప్పడం, మళ్ళీ బిగించడం, అంతే ఆయన చదువు. మంచి తాళం ఒక్కసారే టక్కుమంటుందట. రెండుసార్లు అంటే లోపల ఏదో వదులుగా ఉన్నట్టు.

"మనుషులు కూడా అంతే కదా మేస్త్రీ!" అని ఎవరైనా అంటే చిరాకుపడతాడు. "మనుషుల సంగతి నాకు తెలీదు. నేను చెప్పేది తాళం గురించి."

పక్కన పీట మీద కూర్చుని ఆకురాయి పట్టేది ఆయన ఒక్కగానొక్క కూతురు, చిట్టి. పనితనం అచ్చం తండ్రిదే.

ఆ ఏడు మా ఊరి యువజన సంఘం, సరిహద్దు అవతలి ఊరి సంఘం కలిసి ఒక ఏర్పాటు చేశాయి. ముందు అటు పిల్లలు వచ్చి మన ఇళ్ళల్లో ఉంటారు. తర్వాత మన పిల్లలు వాళ్ళ ఇళ్ళకు వెళతారు. రెండు ఊళ్ళ మధ్యా ఉన్నది ఒక్క వంతెనే. అయినా అటువాళ్ళు చేతివాటంగాళ్ళని మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఏం పోయిందో, ఎవరిది పోయిందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

చిట్టి తన పేరు ఇచ్చేసి వచ్చింది. మేస్త్రి అవుననలేదు, కాదనలేదు. "ముందు వాళ్ళ పిల్లని రానీ. చూశాక చెప్తా" అన్నాడు.

ఇక ఆ నెల ఆయనకు తల ఎత్తే తీరిక లేదు. అతిథులకు ఇల్లు ఇస్తామన్న ప్రతివాళ్ళూ తాళాలకు వచ్చారు. బీరువాకి ఒకటి, వంటింటికి ఒకటి. ఎదురింటి పంతులమ్మ అయితే పుస్తకాల అల్మరాకి కూడా కావాలంది.

"పుస్తకాలు ఎవరెత్తుకెళ్తారండీ?" అంది చిట్టి.

"ఏమోనమ్మా, చదువుకున్న దొంగ అయితే?"

మేస్త్రి కూడా తన బీరువాకి కొత్త తాళం వేశాడు. భార్య నవ్వింది. "ఇన్నాళ్ళూ దానికి గొళ్ళెమే లేదు. లోపలున్నవి దుప్పట్లేగా!"

"దుప్పట్లయితే మాత్రం ఊరికే వచ్చాయా?"

పిల్లలు బస్సు దిగారు. మేస్త్రి ఇంటికి వచ్చిన అమ్మాయి సన్నగా, పొడుగ్గా ఉంది. మన మాటలు నెమ్మదిగా అయినా చక్కగా మాట్లాడుతుంది. వచ్చిన మర్నాడే చిట్టి వెంట కొట్టుకు వెళ్ళి, పీట చాలకపోతే బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.

అప్పుడే పంతులమ్మ పరుగున వచ్చింది. "మేస్త్రీ, కొంప మునిగింది! వంటింటికి తాళం వేసి చెవి ఎక్కడ పెట్టానో గుర్తులేదు. మా ఇంటికొచ్చిన కుర్రాళ్ళు పొద్దుట్నించి మంచినీళ్ళతో ఉన్నారు."

"తాళం వేశాను, గొళ్ళెం మరిచాను అని విన్నాంగానీ, ఇదేంటండీ?" అంటూ చిట్టి జడలోంచి తలపిన్ను తీసి వెళ్ళింది. తాళం తీసిపెట్టి, వెళ్ళిన కాళ్ళతోనే తిరిగొచ్చింది.

అతిథి అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. "అచ్చం మా ఊరే. అక్కడ కూడా ఇప్పుడు ఇదే గోల."

"ఏం గోల?" అన్నాడు మేస్త్రి, ఆకురాయి ఆపకుండా.

"మీ పిల్లలు వస్తున్నారని అందరూ తాళాలు కొంటున్నారు బాబాయ్. మా అమ్మ కూడా కొంది."

ఆకురాయి ఆగింది.

"మా పిల్లలంటే... మీ ఇంటికి వచ్చేది మా చిట్టేగా!"

"అవును."

"నా కూతురికి భయపడి తాళమా? పరాయి సొమ్ము పుల్లముక్కైనా ముట్టదు అది! ఏమనుకున్నారు మమ్మల్ని?" కోపంలో లేచాడు. తల మెట్టుకు తగిలింది. తల పట్టుకుని కూలబడి, "నువ్వేం వెళ్ళక్కర్లేదు" అన్నాడు కూతురితో. "దొంగను చూసినట్టు చూసే ఇంటికి నిన్ను పంపను."

చిట్టి ముఖం చిన్నబోయింది. "మరి మన బీరువాకి వేసిందేంటి నాన్నా?"

మేస్త్రి మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా మూతి ముడుచుకునే ఉన్నాడు. సంగతంతా విన్న భార్య వడ్డిస్తూనే అంది: "ఈ పిల్ల తండ్రి కూడా మీలాగే పట్టుబట్టుంటే ఇది మనింటికి వచ్చేదా?"

"ఆయనకేం తెలుసు, మనం తాళం వేశామని?"

"తెలుసు బాబాయ్" అంది ఆ అమ్మాయి. "నాన్నే చెప్పి పంపాడు. వాళ్ళు అన్నిటికీ తాళాలు వేసుకుని ఉంటారు, చూసీ చూడనట్టు ఉండు, పాపం భయస్తులు అని."

"భయస్తులా!" మేస్త్రికి పొలమారింది. చిట్టి వీపు మీద తట్టింది. నీళ్ళు తాగి, చెయ్యి కడుక్కుని, స్క్రూడ్రైవర్ పట్టుకుని బీరువా దగ్గరకు వెళ్ళాడు. తాళం, గొళ్ళెం, స్క్రూలు అన్నీ ఊడదీసి గుప్పిట్లో పట్టుకుని వచ్చాడు.

"మీ అమ్మ ఏ రకం కొంది?"

ఆ అమ్మాయి చాక్‌పీసుతో నేల మీద గీసి చూపించింది.

"ఇదా! దీన్ని మా చిట్టి కళ్ళు మూసుకుని తీసేస్తుంది. అనుమానపడితే పడ్డారు, కాస్త మంచి తాళంతో పడాలమ్మా. మాకు నలుగురిలో పరువు దక్కేది కాదూ?"

ముందుగా నవ్వింది ఆయన భార్య.

అతిథులు ఉన్నన్నాళ్ళూ మేస్త్రి ఒకే తాళం మీద కూర్చున్నాడు. ఇత్తడి దిమ్మెలోంచి కోశాడు, లోపల చెవి తిప్పితే లేచే లీవర్లు ఒక్కొక్కటీ చేత్తో అరగదీశాడు. చిట్టి పట్టుకుంటే ఆ అమ్మాయి నూనె చుక్కలు వేసేది. రెండు తాళంచెవులు చేశాడు. తాళాన్ని తన చెవి దగ్గర పెట్టుకుని తిప్పితే ఒక్కసారే టక్కుమంది.

అతిథులు వెళ్ళిపోయాక, తమ వంతు వచ్చి చిట్టి సంచి సర్దుకుంటుంటే, ఆ తాళాన్ని గుడ్డలో చుట్టి ఇచ్చాడు. "వాళ్ళమ్మకివ్వు. నువ్వున్నన్నాళ్ళూ నిశ్చింతగా నిద్రపోమను."

"ఎత్తిపొడుపా నాన్నా?"

"నా పని ఇచ్చి ఎత్తిపొడుస్తానా? ఆవిడ నిద్రపోవాలనే."

చిట్టి వెళ్ళాక ఆయన ఫోను జేబులో పెట్టుకోకుండా వైసు పక్కనే పెట్టుకున్నాడు. అది మోగేసరికి పంతులమ్మ కొట్టు ముందే ఉంది. అందరూ వినేట్టు స్పీకరు నొక్కాడు.

"నాన్నా, నీ తాళం వీధి తలుపుకి వేసింది ఈ ఇంటి పిన్ని. ఒక చెవి తన దగ్గర, ఒకటి నా దగ్గర."

"మరి బీరువాది?"

"దాని చెవి నేను రాకముందే పోగొట్టుకుందట. చీరలన్నీ లోపలే. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. నేనే తలపిన్నుతో తీసిపెట్టాను. వీధి వీధంతా చూడటానికి వచ్చారు. ఇప్పుడు అందరికీ నీ తాళాలే కావాలట."

పంతులమ్మ చప్పట్లు కొట్టింది. మేస్త్రి ముఖం వెలిగిపోయింది గానీ, గొంతు మాత్రం గంభీరంగా పెట్టాడు.

"తీస్తే తీశావు. తలపిన్ను వంగిందా?"

"కొంచెం."

"వంగకుండా తియ్యాలమ్మా. పరాయి ఊళ్ళో మన పరువేం కాను?"