రేగడిలో దిగబడిన ఆకాశ ఫిరంగి

రేగులదిన్నె బసప్పకు తండ్రి ఇచ్చింది నాలుగెకరాల నల్లరేగడి, తల్లి ఇచ్చింది పెదవి విరుపు. నేల వాన కరుణిస్తేనే పండేది. పెదవి విరుపు మాత్రం కరువులోనూ పండేది.

రేగులదిన్నె ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే బాటలో, బస్సు ఆగడానికి ఇష్టపడని చోట ఉంటుంది. అక్కడి నుంచి పత్తిబండి తోలుకుని బసప్ప ఆదోని మార్కెట్టుకు పోయేవాడు. ఆదోని స్టేషన్లో మొదటిసారి రైలును చూసి, "కమ్మీ తప్పితే కదల్లేదు, ఇదీ ఒక బండేనా?" అన్నాడు. తుంగభద్ర కాలువకు నీళ్లు వదిలిన రోజు ఊళ్లవాళ్లంతా డప్పులతో పోతుంటే, "పారే నీళ్లను పట్టుకొచ్చి పారించినారు. దీనికింత సంబరమా!" అని గట్టుమీదే కూర్చున్నాడు. కర్నూలు రాజధాని అయిందనీ, ఆఫీసులను గుడారాల్లో పెట్టారనీ ఎవరో చెబితే, "మా గొర్రెల కాపర్లు ముందునించీ రాజధానిలోనే ఉండారప్పా" అన్నాడు. పెండ్లిచూపులకు ఆస్పరి పోయి నాగమ్మను చూసి కూడా పెదవి విరిచాడు. నాగమ్మ అంతకన్నా బాగా విరిచింది. సంబంధం అక్కడే కుదిరింది.

బసప్ప చిన్నచూపు చూడనిది లోకంలో ఒక్కటే ఉండేది. అది మల్లెగాడు. నాగమ్మ పుట్టింటివాళ్లు దూడగా తోలిచ్చిన తెల్లెద్దు. దాని మూపురం మీద చెయ్యి వేసినప్పుడు మాత్రం బసప్ప పెదవి తిన్నగా ఉండేది.

ఆ సీమలో ఏరువాక పున్నమి నాడు ఊరివాకిట్లో గోగునార, వేపాకు కలిపి పేనిన తోరణం కడతారు. ఎద్దులను పరుగుకు వదులుతారు. ఏ ఎద్దు ముందుగా తోరణం తెంపితే ఆ యేడు ఆ రంగు పంటలు పండుతాయి. తెల్లది తెంపితే జొన్న, పత్తి. ఎర్రది తెంపితే కంది, మిరప. వ్యవసాయశాఖ వాళ్లు జీపులో వచ్చి ఎన్ని చెప్పినా, రేగులదిన్నె రైతు విత్తనం మూట విప్పేది తోరణం తెగిన తర్వాతే. తెంపినవాళ్లే వాకిలి పక్కనున్న చేనులో తొలి నాగటి సాలు తోలాలి. ఆ సాలు పడనిదే ఊర్లో ఎవరూ మడక కట్టి దున్నకూడదు. వాకిలి పక్కనున్న చేను బసప్పది. తోరణం తెంపేది మల్లెగాడు. కాబట్టి ఏరువాక అంటే తన ఇంటి పండగేనని బసప్ప అనుకునేవాడు.

ఇట్లా ఉండగా ఒక మే నెలలో ఆకాశం నుంచి ఫిరంగి దిగింది.

బసప్ప అప్పుడు చేనుగట్టున రొట్టె తింటున్నాడు. పేడపురుగు లాగా నల్లగా మెరిసే బండి ఒకటి, చప్పుడు లేకుండా వచ్చి, ఆదోని పత్తి సావుకారి రామలింగయ్య బీడులో వాలింది. దాని వీపు మీద గుండ్రటి బుడిపె, బుడిపెలోంచి తాటిమొద్దంత గొట్టం. లోపలి నుంచి ముగ్గురు దిగారు. వంకాయ రంగు ఒళ్లు, వెనక్కి వంగే మోకాళ్లు. లోకాన్ని జయించడానికి వచ్చారని వాళ్ల నడక చూస్తేనే తెలిసిపోయింది. నాలుగడుగులు ఠీవిగా వేశారు. అంతలో ఆదోని సీమ ఎండ వాళ్ల నెత్తికెక్కింది. ఒకడు కూలబడ్డాడు. ఒకడు కక్కుకున్నాడు. మూడోవాడు పైకి చూసి రెండు చేతులూ ఊపాడు. పైనుంచి వెలుగు పాయ ఒకటి దిగి ముగ్గురినీ పీల్చుకుపోయింది. బండీ ఫిరంగీ బీడులోనే మిగిలాయి.

బసప్ప రొట్టె ముగించి ఇంటికి వచ్చాడు.

"ఎవరో దిగినారే. ఎండకు తాళలేక పోయినారు."

"యా ఊరోళ్లు?" అంది నాగమ్మ.

"పైనోళ్లు."

"సెంబు యాడ పెట్టినావు? చేన్లోనే మరిచొచ్చినావా?"

ఆకాశవాసుల దండయాత్ర గురించి ఆ ఇంట్లో జరిగిన చర్చ అంతే.

రామలింగయ్య అలా వదిలే మనిషి కాదు. బీడు తనది గనక బీడులో పడింది కూడా తనదేనన్నాడు. తన జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా ఉన్న దేవదాసును పిలిపించాడు. దేవదాసు ఆదివారం చర్చిలో పాటలు పాడే మెత్తటి మనిషి. లోపలికి దూరి, అదీ ఇదీ తొక్కి చూసి, ఏది తొక్కితే బండి కదులుతుందో, ఏది తొక్కితే ఫిరంగి కాలుతుందో కనిపెట్టాడు.

ముందు ఫిరంగిని ఊడదీసి, పాళెగాళ్ల నాటి బురుజు మీదికి మోకులతో ఎక్కించారు. ఊరంతా చేరింది. దేవదాసు సిలువ గుర్తు వేసుకుని తొక్కాడు. ఆకుపచ్చ నిప్పుముద్ద ఒకటి బయలుదేరి, ఎదురు మిట్ట మీదున్న ఏనుగంత రాతిగుండును తాకింది. గుండు వెన్నలాగా కరిగి మిట్ట కిందికి కారింది. రామలింగయ్య మీసం దువ్వి జనం వైపు తిరిగాడు.

"రాయిని నీళ్లు జేసినాడప్పా సావుకారి," అన్నాడు బసప్ప. "తాగొచ్చునేమో అడగండి."

జనం నవ్వారు. అసలు ఆ సీమలో రాళ్లకేం కరువు? ఇంకొకటి కరిగితే ఎవరికి లాభం, మిగిలితే ఎవరికి నష్టం? పైగా ఫిరంగి ఒకసారి కాలిందంటే దాని పక్కలు చేప మొప్పల్లాగా తెరుచుకునేవి. ఉస్సురుస్సురని ఆవిరి వదులుతూ గంటలకొద్దీ రొప్పేది. "ఒక ఉమ్ము ఉమ్మి పొద్దంతా ఆయాసపడతాది. దీనికి ఆయుధమని పేరు. మా తాత గూడా ఇట్లనే ఉండె" అని బసప్ప ఊరంతా చెప్పి వచ్చాడు. ఆ మోతకు కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి. ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని వస్తే, రామలింగయ్య దాన్ని బురుజు దించి మళ్లీ బండికి ఎక్కించాడు.

ఏరువాక ముందురోజు మంచి వాన పడింది. రచ్చకట్ట మీద ఊరిపెద్ద కాశప్ప గౌడు తోరణం పేనిస్తున్నాడు. రామలింగయ్య వచ్చి కూర్చున్నాడు.

"గౌడా, రేపటి పరుగులో నా ఫిరంగి బండి గూడా ఉంటాది."

"దానికి కొమ్ములు యాడుండాయి సావుకారీ?" అన్నాడు బసప్ప. "తోకైనా ఉందా, ఈగలు తోలుకొనేకి?"

"నోరుంటే సాలదు బసప్పా. నీ ఎద్దు నా బండి ముందర నిలుస్తాదా?"

"నిలవకపోతే ఎద్దును నీ దొడ్లో కట్టేసి పోతా. నిలిస్తే నువ్వు బురుజెక్కి గాడిద మాదిరి ఓండ్ర పెట్టల్ల. సమ్మతమేనా?"

"సమ్మతమే. గౌడా, విన్నావు గదా!"

కాశప్ప గౌడు విన్నాడు. అతను ఊరిపెద్దగా ఉన్నన్నాళ్లూ చేసింది వినడమే. ఎదురు చెప్పడానికి భయపడి, ఎద్దులే పరుగెత్తాలని పూర్వీకులు ఎక్కడా చెప్పలేదంటూ ఒప్పుకున్నాడు.

ఆ మాట బసప్ప కన్నా ముందే ఇంటికి చేరింది. నాగమ్మ గడపలోనే నిలేసింది.

"ఏమయ్యా, ఎద్దును ఒడ్డి వస్తివంట? అది మీ నాయన ఇచ్చినదా, మా నాయన ఇచ్చినదా?"

"ఆ పేడపురుగు గెలిసేదా పెట్టేదా, ఊరికే భయపడతావేమే."

"ఓడిపోతే మడకకు ఎవరిని కడతావు? ఆ పెదిమెను కడతావా?"

బసప్ప దొడ్లోకి పోయి మల్లెగాడి కొమ్ములకు వారనీసు పూశాడు.

మర్నాడు పొద్దు వాలాక పరుగు మొదలయింది. ఊరి బయటి గట్టిబాట మీద ఎద్దులు ఒక వరుస, వాటి పక్కన దేవదాసు తోలే నల్లబండి. పూజారి దానికీ పసుపు కుంకుమలు పెట్టి, ఎందుకైనా మంచిదని గొట్టానికి ఎద్దు మెడలో వేసే గజ్జెలపట్టెడ కట్టాడు. డప్పు మోగింది. మల్లెగాడు బాణంలాగా లేచాడు. బండి కూడా జోరుగానే వచ్చింది, కానీ మల్లెగాడి తోకను దాటలేకపోయింది. తోరణం ఇక బారెడు దూరంలో ఉంది. చేనుగట్టున నిలబడ్డ బసప్ప అప్పుడే రామలింగయ్య వైపు తిరిగి, చేతులు చెవులకు పెట్టుకుని గాడిదలాగా ఆడిస్తున్నాడు.

"తొక్కు రా దేవదాసూ!" అని రామలింగయ్య అరిచాడు.

దేవదాసు కళ్లు మూసుకుని తొక్కాడు. ఆకుపచ్చ మెరుపు మెరిసింది. తోరణం లేదు. తోరణం కట్టిన రాతికంబాల్లో ఒకటి సగం లేదు. మల్లెగాడు తెంపడానికి ఏమీ లేని వాకిట్లోంచి పరుగెత్తి, బిత్తరపోయి, బూడిద వాసన చూస్తూ నిలబడ్డాడు.

పెద్దలు గుమిగూడారు. తెంపింది ఎవరంటే ఫిరంగే, కాదనడానికి లేదు.

"దాని రంగు నలుపు. అంటే ఈ యేడు నువ్వులు ఏయల్లనా?" అన్నాడొకడు.

"మినుములు గూడా నలుపే గదప్పా."

"నిప్పు ఆకుపచ్చగుండె. గోగాకు ఏద్దామా?"

బసప్పకు ఆ మాటలేవీ వినపడలేదు. మల్లెగాడి పగ్గం రామలింగయ్య చేతిలో పెట్టాడు. అతని పెదవి విరగలేదు, వణికింది. ఊరు మొదటిసారి అతన్ని చూసి పెదవి విరిచింది.

అప్పుడు నాగమ్మ ఆడవాళ్ల గుంపులోంచి ముందుకు వచ్చింది.

"గౌడా, తోరణం తెంపింది ఆ దెయ్యమే గదా. ఒప్పుకుంటిమి. తొలి సాలు తోలమను మరి."

కాశప్ప గౌడు తల గోక్కున్నాడు. "అవును సావుకారీ. తెంపినోళ్లే తోలల్ల. లేకుంటే ఊర్లో గింజ పడదు. నేలలో ఈ పదును ఆరిపోతే మళ్లా వాన ఎప్పుడో."

"దానికేం, రాళ్లు కరిగించేది మన్ను దున్నలేదా?" అన్నాడు రామలింగయ్య.

బండి వెనక మడక కట్టారు. దేవదాసు బండిని గట్టు దాటించి చేనులోకి దించాడు. నల్లరేగడి ఎండలో రాయి, వానలో బంక. నున్నటి చక్రాలకు మట్టి చుట్టుకుంది, ఒక్కొక్కటి గాదెంత అయింది. బండి ముక్కింది, మూల్గింది, ఇంకొంచెం ముందుకు పోయి కడుపుదాకా దిగింది. మొప్పలు తెరిచి ఆవిరి వదలబోతే వాటిలోకి బురద పోయింది. గజ్జెలపట్టెడ బురద తాకింది. దేవదాసు గొట్టం మీదుగా పాకుతూ బయటపడి, "ఇంక నావల్ల కాదు సామీ" అని గట్టెక్కి కూర్చున్నాడు.

రామలింగయ్య మల్లెగాడిని తెచ్చి ఫిరంగికి కట్టమన్నాడు. పగ్గం లాగాడు, అదిలించాడు, చెర్నాకోల ఆడించాడు. మల్లెగాడు అతన్ని ఒకసారి చూసి, మోకాళ్లు మడిచి బురదలో పడుకున్నాడు. చీకటి పడేలోగా సాలు పడాలని రైతులు గొణుగుతున్నారు. గొణుగుడు కేకలయింది.

"బసప్పా, ఎద్దును నువ్వే తీసుకో," అన్నాడు రామలింగయ్య చివరికి. "నా ఫిరంగిని బయటికి లాగు, అంతే సాలు."

బసప్ప చెయ్యి చాపాడు. పగ్గం మాత్రం అందలేదు. నాగమ్మ ముందే అందుకుంది.

"లాగుతాం సావుకారీ. సాలు పడినంక."

ఆమె పిలవగానే మల్లెగాడు లేచాడు. జోడెద్దును తెచ్చి కాడి కట్టారు. ఫిరంగి చుట్టూ తిరిగి తొలి సాలు పడింది. దున్నింది తెల్లెద్దు గనక తెల్ల పంటే వేయాలని కాశప్ప గౌడు తీర్పు చెప్పాడు. ఊరు మడకలు కట్టుకుని చెదిరిపోయింది. రామలింగయ్య పక్కన నిలబడడానికి ఎవరూ మిగల్లేదు.

మాట ప్రకారం బసప్ప ఫిరంగి బండికి గొలుసు వేసి మల్లెగాడితో లాగించాడు. చక్రం ఒకటి ఊడి వచ్చింది.

"లాగినా," అని దాన్ని గట్టున పడేసి ఇంటికి పోయాడు. దారి పొడవునా పగ్గం నాగమ్మ చేతిలోనే ఉంది. బసప్ప రెండుసార్లు అడిగాడు. ఆమె ఇవ్వలేదు.

వానలు ముదిరేకొద్దీ బండి ఇంకా దిగబడింది. పుష్యమాసానికి గొట్టం ఒక్కటే పైన మిగిలింది. రామలింగయ్య కూలీలను పంపితే, తవ్వినకొద్దీ రేగడి మూసుకుపోయింది. చివరికి అతను కబురు పెట్టాడు: నీ చేనులో ఉంది గనక నీదే అనుకో. "నాకొద్దు," అని బసప్ప తిరుగు కబురు పంపాడు.

ఆకాశ ఫిరంగిని చూడాలని ఆదోని నుంచి, ఎమ్మిగనూరు నుంచి జనం వచ్చేవాళ్లు. టోపీ పెట్టుకున్న ఆఫీసరు ఒకాయన కూడా వచ్చి, గొట్టం చుట్టూ తిరిగి, చేత్తో తట్టి, "ఏమయ్యా, ఇది ఎంత ప్రమాదకరమైన వస్తువో నీకు తెలుసా?" అన్నాడు.

బసప్ప పత్తి ఒలుస్తున్నవాడు తలెత్తాడు. ఆయన్ను చూశాడు, ఫిరంగిని చూశాడు, ఆయన బూట్లను చూశాడు. పెదవి మెల్లగా విరిగింది.

"కాలు తీయప్పా," అన్నాడు. "పత్తిచెట్టు తొక్కుతాండావు."