నలభై ఎనిమిదో చీటీ

నిఘంటువు ఆఫీసులో అందరూ ఆవిడను చీట్లక్కయ్య అంటారు. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా చీట్లు సర్దడమే ఆవిడ ఉద్యోగం. ఎక్కడో ఎవరో ఒక మాట అంటారు. విన్నవాళ్లు దాన్ని అరచేతంత కాగితం మీద రాసి ఆఫీసుకు పంపుతారు. అన్నదెవరు, ఎవరి గురించి అన్నారు, ఎప్పుడు, విన్నదెవరు, అన్నీ అందులో ఉండాలి. ఆ కాగితాలను మాట వారీగా, అర్థం వారీగా చెక్క సొరుగుల్లోకి చేర్చేది ఈవిడ. ఇన్ని లక్షల చీట్లు ఆవిడ చేతుల మీదుగా వెళ్లాయి కానీ, ఒక్కదాని మీద కూడా ‘విన్నవారు’ అన్నచోట ఆవిడ లేదు. పొద్దస్తమానం సొరుగుల మధ్య కూర్చునే మనిషికి సొరుగుల చప్పుడు తప్ప ఏం వినిపిస్తుంది?

ఆ రోజు ఎనిమిది గంటలకే ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది. సాయంత్రం అయిదింటికి ‘చ’ పేజీలు అచ్చుకు వెళ్లిపోవాలి. ఆ పేజీల్లో అన్నిటికంటే పెద్ద మాట ‘చెయ్యి’. దానికి మూడొందల పన్నెండు చీట్లు. మూడు నెలలుగా చీట్లక్కయ్య దానితోనే కాపురం చేస్తోంది. పెళ్లాం మీద చెయ్యి చేసుకున్నవాళ్లు ఒక కట్ట. నమ్మించి చెయ్యిచ్చినవాళ్లు ఒక కట్ట. గుమాస్తా చెయ్యి తడిపినవాళ్లు, ఆఖరి నిమిషంలో చేతులెత్తేసినవాళ్లు, చేతికి ఎముక లేని మహానుభావులు, చెయ్యి తిరిగిన వంటవాళ్లు, చేతివాటం ఉన్న బంధువులు. చెయ్యి విడిచిన మేనమామలకైతే ఏకంగా ఒక సొరుగే కేటాయించాల్సి వచ్చింది. ఒక్క మాటలో ఇంత లోకం ఉందా అని ఆవిడకు ఒళ్లు పులకరించేది. ఆ లోకమంతా ఇవాళ అచ్చెక్కుతోందంటే పొద్దున్నుంచీ కాలూ చెయ్యీ ఆడటం లేదు.

అచ్చు ప్రతి చివరిసారి చదువుతూ పదకొండో వరుస దగ్గర ఆగింది.

‘చేయి కాల్చుకొను: భార్య లేని పురుషుడు స్వయముగా వండుకొను.’

మళ్లీ చదివింది. కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చదివింది. ఆ కాగితం పట్టుకుని సరాసరి సంపాదకుడి గదిలోకి వెళ్లింది. ఆయన్ని ఆఫీసంతా పెద్దాయన అంటుంది. చాదస్తంలోనూ పెద్దే.

“సార్, ఇది తప్పు.”

“ఏది తప్పమ్మా?”

“భార్య లేని పురుషుడంటున్నారు. మరి భర్త లేని ఆడది వండుకుంటే?”

“దాన్ని వంట అంటారు” అన్నాడు పెద్దాయన. వెటకారమేమీ లేదు. ఆయనకు నిజంగానే అలా అనిపించింది. “నా ఇష్టానికి రాయలేదు తల్లీ. ఈ అర్థానికి నలభై ఆరు చీట్లున్నాయి, మీరు సర్దినవే. అన్నీ మగవాళ్ల గురించే. ఒక్క ఆడమనిషి గురించైనా ఎవరైనా అన్నారా? లోకం అనని మాట మనం ఎలా వేస్తాం?”

చీట్లక్కయ్యకు చెవులు వేడెక్కాయి. ఎందుకో చెప్పాలి.

తండ్రి పోయేనాటికి ఆవిడకు ఇరవై రెండు. తమ్ముళ్లిద్దరూ చేతికందొచ్చేదాకా, చెల్లెలు ఒకింటిదయ్యేదాకా ఆగుదామనుకుంది. వాళ్లందరూ ఎవరి దారి వాళ్లు చూసుకునేసరికి ఈవిడకు ఆగడం అలవాటైపోయింది. ఇరవై నాలుగేళ్లుగా మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటగది. పొద్దున్నే లేచి ఒక్క మనిషికి సరిపడా వండుకుని, డబ్బాలో సర్దుకుని వస్తుంది. సాయంత్రం వెళ్లి మళ్లీ అదే పొయ్యి ముందు నిలబడుతుంది. జ్వరమొచ్చినా అంతే, జడివానొచ్చినా అంతే.

ఎదురింట్లో అప్పట్నుంచీ ఒక రైలు డ్రైవరుంటున్నాడు, ఇప్పుడు రిటైరయ్యాడు. రెండేళ్ల క్రితం ఆయన భార్య పోయింది. ఇక చూడాలి, మేడ మేడంతా కరిగిపోయింది. “పాపం, ఆ పెద్దమనిషి చెయ్యి కాల్చుకుంటున్నాడు” అని కింది అంతస్తు నుంచి పప్పు గిన్నె, పై అంతస్తు నుంచి కూర గిన్నె. ఆ గిన్నెలన్నీ చీట్లక్కయ్య గుమ్మం ముందు నుంచే వెళ్లేవి. ఈవిడ కూడా వారానికి రెండుసార్లు పంపేది. ఆయన మీద ఏ కోపమూ లేదు. ఈ తలుపుకూ ఆ తలుపుకూ మధ్య ఆరడుగులే కదా, ఒక్క గిన్నె అయినా దారి తప్పి ఇటు రాదేం అని మాత్రం చాలాసార్లు అనిపించింది. అనిపించి, సిగ్గేసి, తలుపు వేసుకునేది.

“రెండు చీట్లు తెస్తే మారుస్తారా?” అని అడిగింది.

“మారుస్తాను. ఒకరికొకరు తెలియని ఇద్దరు మనుషులు అనుండాలి. అయిదింటిలోపు. పద్ధతి మీకు నేను చెప్పక్కర్లేదు.”

నిజమే, చెప్పక్కర్లేదు. అట్ట మీద గుండ్రటి అక్షరాలతో ఆవిడే రాసి గోడకు తగిలించింది: ‘అడిగి రాబట్టిన మాట చెల్లదు. నోట్లో పెట్టి పలికించిన మాట అసలే చెల్లదు.’

ముందు సొరుగుల మీద పడింది. నలభై ఆరూ తిరగేసింది. బ్రహ్మచారులు, విధురులు, భార్య పుట్టింటికెళ్లిన గుమాస్తాలు, అందరూ మీసాలవాళ్లే. కూలబడి నుదురు రుద్దుకుంటుంటే ఒక సంగతి తట్టింది. పన్నెండేళ్ల క్రితం ఒక ఏడాది పాటు మాటను మొదటి పదం కింద కాకుండా క్రియ కింద పెట్టేది తను. ఆ పొరపాటుకు అప్పట్లో బోలెడు చీవాట్లు తింది. సర్దినవి సర్దగా కొన్ని అక్కడే ఉండిపోయి ఉంటే? ‘కాల్చు’ సొరుగు లాగింది. సిగరెట్లు కాల్చినవాళ్లు, ఇటుకలు కాల్చినవాళ్లు, టపాసులు కాల్చినవాళ్లు. అడుగున అంచులు పసుపెక్కిన చీటీ ఒకటి అంటుకుని ఉంది.

‘మా నర్సమ్మ హాస్టలు వదిలేసి గది తీసుకుంది. ఇప్పుడు తనే చెయ్యి కాల్చుకుంటోంది. అన్నవారు: బస్సు కండక్టరు. విన్నవారు: ఒక ప్రయాణికుడు.’

చీట్లక్కయ్య దాన్ని కళ్లకద్దుకుంది. పన్నెండేళ్ల నాటి తన తప్పే తనకు ముద్దొచ్చింది. పెద్దాయన బల్ల మీద ఆ చీటీ పెడితే ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, “సరే, నలభై ఏడు. ఇంకొకటి” అన్నాడు.

అప్పటికి పన్నెండున్నర. భోజనం సంగతి గుర్తొచ్చి సంచిలో చెయ్యి పెడితే డబ్బా లేదు. పొద్దున తాళం వేస్తూ మెట్లగోడ మీద పెట్టి అక్కడే వదిలేసింది. ఆకలి కూడా వేయలేదు. చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లింది.

అడగకుండా, అనకుండా ఎదుటివాళ్ల చేత ఒక మాట అనిపించాలంటే అది మామూలు విద్య కాదు. టీ కొట్టు ఆవిడ కూతురు వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తోంది.

“అమ్మాయి బాగుందా? ఒక్కతే ఉంటోంది కదా, మరి భోజనం?” అంది చీట్లక్కయ్య.

“హోటలుందిగా” అంది టీ ఆవిడ.

లాండ్రీ అతని చెల్లెలు కూడా ఒంటరిదే. “మా చెల్లా? దానికి వంటొస్తే కదా” అని నవ్వాడు. చెప్పులు కుట్టే ముసలాయన వదినగారి గురించి అరగంట చెప్పాడు. ఆవిడ పొలం గొడవ, మోకాళ్ల నొప్పి, పెంచుకున్న పిల్లి, అన్నీ వచ్చాయి. తిండి ప్రస్తావన మాత్రం రాలేదు.

మూడింటికి కుట్టుమిషను ఆవిడ దగ్గర కూర్చుంది. ఆవిడ అక్కకు పెళ్లి కాలేదు. విడిగా ఉంటుంది. మాట మెల్లగా అక్క మీదికి మళ్లింది. అక్క ఇల్లు, అక్క కుంపటి, అక్క పొద్దున్నే లేవడం. ఇదిగో వచ్చేస్తోంది, నాలుక చివర ఉంది అనుకుంది చీట్లక్కయ్య. ఇంతలో కుట్టుమిషను ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ ఆగిపోయింది.

“అంటే పాపం, ఒక్కతే చెయ్యి కాల్చుకుంటోందన్నమాట” అనేసింది చీట్లక్కయ్య.

“ఆఁ, అదే. మా అక్క ఒక్కతే చెయ్యి కాల్చుకుంటోంది” అంది కుట్టుమిషను ఆవిడ, అమాయకంగా.

చీటీ రాసుకుంది. తేదీ వేసింది. ‘విన్నవారు’ అన్నచోట మొదటిసారి తనను రాసుకుంది. ఆఫీసు దాకా గాల్లో తేలుతున్నట్టు నడిచింది. గుమ్మంలోకి రాగానే గోడ మీది అట్ట కనిపించింది. తన గుండ్రటి అక్షరాలే.

ఎవరికి తెలుస్తుంది? కుట్టుమిషను ఆవిడ ఈ నిఘంటువు జన్మలో తెరవదు. పెద్దాయన అనుమానించడు. చీటీలో అబద్ధం కూడా ఏమీ లేదు, ఆవిడ నిజంగానే అంది. చీట్లక్కయ్య గుమ్మంలో నిలబడి ఇవన్నీ ఒక్కొక్కటీ అనుకుంది. అనుకుని, చీటీని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసి, సొరుగుల వెనక్కి వెళ్లి స్టూలు మీద కూర్చుంది. ఏడుపొచ్చింది. చేజేతులా పాడుచేసుకుంది మరి, ఎవర్ననాలి?

నాలుగుంపావు. పెద్దాయన ముందు హాల్లోకొచ్చి, “అమ్మా, కాగితాలు కట్ట కట్టేయనా?” అని కేకేశాడు. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అప్పుడు గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

“అయ్యా, ఇక్కడ చీట్లు సర్దే మేడం ఒకావిడ ఉండాలి. ఈ డబ్బా ఆవిడదండి.”

ఎదురింటి రైలు డ్రైవరు గొంతు. చీట్లక్కయ్య లేవబోయింది.

“పొద్దున మెట్లగోడ మీద మర్చిపోయింది. నేను మధ్యాహ్నం చూశాను. రెండు వీధులు తిరిగి ఆఫీసు కనుక్కునేసరికి ఈ వేళయింది. ఇరవై నాలుగేళ్ల నుంచి ఒక్కతే చెయ్యి కాల్చుకుంటోందండీ పాపం. రెండేళ్ల నుంచి నేనూ కాల్చుకుంటున్నాను కాబట్టి ఆ కష్టమేమిటో నాకు తెలుసు. అంత పొద్దున్నే లేచి వండుకున్నది నోట్లోకి వెళ్లకపోతే ఎలా?”

సొరుగుల వెనక చీట్లక్కయ్య సగం లేచిన మనిషి సగంలోనే ఆగిపోయింది. ముందు హాల్లోంచి పెద్దాయన మాట వినిపించింది. ఆ గొంతులో అంత కంగారు ఆవిడ ఎప్పుడూ వినలేదు.

“ఏమండీ, ఇప్పుడు మీరన్న మాట ఎవరైనా అనమంటే అన్నారా?”

“ఏ మాటండీ?”

“పోనీయండి. మీకు బస్సు కండక్టర్లెవరైనా తెలుసా?”

“రైళ్లు నడిపినవాణ్నండీ. ముప్ఫై ఏళ్లుగా బస్సెక్కలేదు” అన్నాడు డ్రైవరు, కొంచెం నొచ్చుకుని.

చీట్లక్కయ్య బయటికొచ్చింది. పెద్దాయన అప్పటికే ఖాళీ చీటీ ఒకటి తీసి చాచి పట్టుకుని ఉన్నాడు.

“మీరు విన్నారు కదమ్మా. మీరే రాయండి.”

చీటీ అందుకుని రాసింది. అన్నవారు: రిటైరైన రైలు డ్రైవరు. ‘ఎవరి గురించి’ అన్నచోట కలం ఆగింది. ఒక్క క్షణమే. ‘ఎదురింటావిడ’ అని రాసింది. విన్నవారు: చీట్లు సర్దే ఉద్యోగిని. తేదీ వేసింది.

పెద్దాయన ఎర్ర కలం తీసుకుని ‘భార్య లేని పురుషుడు’ కొట్టేశాడు. కొట్టేసినచోట ‘ఒంటరిగా ఉన్న మనిషి’ అని రాశాడు. ఉదాహరణ వాక్యం దగ్గర ఏ చీటీ వేయాలా అని ఆవిడ ముఖంలోకి చూడలేదు, అడగలేదు. నలభై ఎనిమిదో చీటీ ముందు పెట్టుకుని, ఉన్నదున్నట్టు దించాడు: ‘ఇరవై నాలుగేళ్ల నుంచి ఒక్కతే చెయ్యి కాల్చుకుంటోంది.’

అయిదింటికి కాగితాలు వెళ్లిపోయాయి. డ్రైవరు ఇంకా అక్కడే ఉన్నాడు, ఇక్కడ జరిగిందేమిటో అంతుపట్టక.

“డబ్బా ఇచ్చి పోదామని వచ్చాను. నేనేమన్నా తప్పుగా మాట్లాడానా అమ్మా?” అని అడిగాడు.

“లేదన్నయ్యా” అంది చీట్లక్కయ్య. ఇరవై నాలుగేళ్లలో ఆయన్ని అలా పిలవడం అదే మొదటిసారి. డబ్బా మూత తీసింది. అన్నం చల్లారిపోయింది. బంగాళాదుంపల కూర గట్టిపడింది. మూతలో సగం పెట్టి ఆయన ముందుకు జరిపి, మిగతా సగం ఆ సొరుగుల మధ్యే కూర్చుని ఆవురావురుమంటూ తింది.