పెట్రోలు ట్యాంకుకు రెండు రాహుకాలాలు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువే. కానీ ఆ శుక్రవారం వచ్చిన కోపానికి మాత్రం ఇవాళ్టికీ ఎవరికీ క్షమాపణ చెప్పుకోను.

మా ఆయన ఇక్కడ గల్ఫ్‌లో, మేముండే ఊరి పక్క అల్ అమెరాత్‌లో షెడ్డు అద్దెకు తీసుకుని, పెట్టెల్లో వచ్చిన విడిభాగాలతో ఇద్దరు కూర్చునే చిన్న విమానం కడుతున్నారు. సెలవు శుక్రవారమే కాబట్టి నా శుక్రవారాలూ దానికే పోయాయి. రెడీ అయ్యాక మొదట పక్క సీట్లో కూర్చోబెట్టేది మా అమ్మాయినేనని దానికి మాటిచ్చారు.

పెట్రోలు ట్యాంకులు రెక్కల్లోనే ఉంటాయి. అల్యూమినియం రేకుల అతుకులకు చుక్క కూడా కారకుండా సీలెంట్ అనే జిగురు పూసి రివెట్లు కొట్టాలి. ఆ సీలెంట్ కలిపే పని నాది. పళ్ల ఆసుపత్రిలో అసిస్టెంటును నేను. రోజంతా పళ్లలో నింపే సిమెంటు కలిపి డాక్టరుకు అందించడమే నా డ్యూటీ. కలిపింది ఎంతసేపు పనికొస్తుందో నా వేళ్లకు తెలుసు.

ఆ రోజు ట్యాంకు మూత బిగించాలి. తొమ్మిదింటికి షెడ్డుకు వెళితే రాహుకాలం అన్నారు ఆయన. ఇండియాలో శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు. ఇక్కడి గడియారం గంటన్నర వెనక కాబట్టి మనకు తొమ్మిది నుంచి పదిన్నర అట. సరే అని రేకులు తుడుచుకుంటూ ఓపిక పట్టాను. పదిన్నరకు సీలెంట్ కలిపి అంచులకు పూయడం మొదలుపెట్టానో లేదో, రాజమండ్రి నుంచి వాళ్ల అక్కగారి ఫోను.

"ఒరే తమ్ముడూ, రాహుకాలం మీరున్న ఊరి టైము ప్రకారమే చూసుకోవాలంట్రా. పంతులుగారిని ఇప్పుడే అడిగాను. పన్నెండు దాకా దేన్నీ ముట్టుకోకు."

ఆయన రివెట్ గన్ను ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు.

"ఏవండీ, ఇది గట్టిపడిపోద్ది," అన్నాను.

"ఏసీ ఉందిగా. గంటన్నరకి ఏం కాదులే."

"వదినగారు ఆగమన్నది మిమ్మల్ని. సీలెంట్‌ని ఆగమని ఎవరు చెప్తారు?"

ఇంజనీరింగ్ చదివిన మనిషి, ఒకే ఉదయం రెండు రాహుకాలాలు పాటించాడు. పన్నెండయ్యేసరికి కప్పులోది ముద్దలు కట్టింది. పారేసి మళ్లీ కలుపుదామన్నాను. మిగిలిన డబ్బా రెండో ట్యాంకుకు కావాలన్నారు. ఆ ముద్దలనే అదిమి రివెట్లు కొట్టారు. రివెట్లకు అవతలి వైపు ఇనప దిమ్మె అదిమి పట్టుకున్నది నేనే. అందుకు నా మీద నాకున్న కోపం వేరే.

మరుసటి శుక్రవారం పరీక్ష. మత్రా బజారులో కొన్న బుడగను ట్యాంకు గొట్టానికి తగిలించి, గాలి నింపి, అతుకుల మీద సబ్బునీళ్లు పోశాం. కాసేపటికి ఒక మూల చిన్న నురుగు లేచింది. బుడగ మెల్లగా వాలిపోయింది.

"ఇంతేగా! పైన కొంచెం పూస్తే సరిపోద్ది," అన్నారు.

నేను ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడ్డాను. ఆయన చూపు తిప్పుకున్నారు.

"పోనీ, మొదటిసారి నేనొక్కణ్ణే ఎగురుతా. పాపను తర్వాత ఎక్కించుకుంటాలే."

అంటే తెలుసన్నమాట. ఆ ట్యాంకు మీద నమ్మకం లేదని తెలిసే పైపూత పూద్దామంటున్నారు. పాప ప్రాణం ప్రాణమే, నా పసుపుకుంకాలు మాత్రం రాహువుకి రాసిచ్చారన్నమాట! ఒళ్లు మండిపోయింది. ఆయన నోట్లో మాట నోట్లోనే ఉండగా డ్రిల్లు తీసుకున్నాను.

"ఏం చేస్తున్నావే? టైము చూడు, పదకొండు! పన్నెండు దాకా ఆగు."

మొదటి రివెట్ తల ఎగిరి నేల మీద పడింది. రెండోది. మూడోది. ఆయన చెయ్యి అడ్డం పెట్టబోయి, నా ముఖం చూసి వెనక్కి తీసుకున్నారు. మూత ఊడదీసి, అంచు మీది సీలెంట్‌ను గోటితో గీకాను. రేకుకు అంటుకోనే లేదు. మొత్తం ఒకే పట్టీలా ఊడి నా చేతికి వచ్చింది. దాన్ని ఆయన అరచేతిలో పెట్టాను.

"దీన్ని నమ్ముకునే ఎగురుదామనుకున్నారు."

ఆయన దాన్ని రెండు వేళ్లతో పట్టి సాగదీసి చూశారు. ఫోను మోగింది, వాళ్ల అక్కగారే. ఆయన ఎత్తలేదు. లేచి, రెండో ట్యాంకు కోసం దాచిన డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు.

"కలుపు," అన్నారు.

పదకొండుముప్పావు. కలిపాను.