నెబ్యులా రీలులో మొదటి ఫోటో

నా చిన్నప్పుడు చింతామణిలో మా పెరటి గదికి రేకుల కప్పు పక్కకు జరిగేది. పగలంతా అంగడిలో గుడ్డలు కొలిచే మా చిన్నాన్న, తానే అద్దం సానబట్టి చేసుకున్న టెలిస్కోపును అక్కడ నిలబెట్టాడు. వరుసగా మెరిసే మూడు గొల్లకావడి చుక్కల కింద మబ్బులా ఉండే నెబ్యులాను కలర్ రీలు మీద పట్టాలని ఆయన పంతం. కంటితో చూస్తే నాకది పొయ్యి ఊదినప్పుడు లేచే బూడిదలా ఉండేది. కెమెరాను చాలాసేపు తెరిచి ఉంచితే రంగులు మెల్లగా వచ్చి ఫిల్ము మీద కూర్చుంటాయని ఆయన చెప్పేవాడు. మా నాన్న మాత్రం దాన్ని చుక్కల పిచ్చి అనేవాడు.

ఆ రీళ్లను కడగడానికి బెంగళూరికి పంపేవాళ్లం. అంతా నల్లగా ఉండేసరికి స్టూడియోవాళ్లు ఏమీ పడలేదనుకుని ఎక్కడపడితే అక్కడ కత్తిరించేవాళ్లు. అందుకని చిన్నాన్న ప్రతి రీలులో మొదట పగటి వెలుతురులో ఒక మామూలు ఫోటో తీసేవాడు. అక్కణ్ణుంచి కొలుచుకుని కత్తిరిస్తారని. అది అరటి చెట్టో, బావి గిలకో అయ్యేది.

మా ఇంట్లో పసిబిడ్డలకు ఫోటో తీయకూడదు. ఆయుస్సు తగ్గుతుందని అవ్వ కట్టడి. మా తమ్ముడు రెండో ఏడు నిండకముందే జ్వరంతో పోయాడు. ఆ తర్వాత తలుపు కిర్రుమన్నా వాడే వస్తున్నాడని నేను గడప వైపు చూసేదాన్ని. ఒకరోజు అమ్మ బియ్యం ఏరుతూ చేట కింద పెట్టేసి, "వాని మొగం గుర్తుకు రాకుండా పోతాండాది" అంది. తమ్ముడు పోయినప్పటి కంటే ఆ మాటకే నాకు ఎక్కువ భయమేసింది.

చిన్నాన్న లేచి వెళ్లి పెరటి గదిలోంచి ఒక కవరు తెచ్చాడు. అందులో గులాబీ, ఊదా రంగుల్లో నెబ్యులా ఉంది. దానికంటే ముందున్న ఫోటోలో తమ్ముడు అరటి చెట్టు పట్టుకుని నవ్వుతున్నాడు. జ్వరానికి ముందు, ఎవరికీ చెప్పకుండా, రీలు మొదట్లో వాణ్ణే తీశాడట. పోయాక చూపించడానికి ధైర్యం చాలలేదట.

"నేను తీసినందుకే పోయినాడేమోనని నాకూ అనుమానమే అమ్మా" అన్నాడు అవ్వతో, ఆమె వైపు చూడకుండా.

అమ్మ ఆ ఫోటోను చెంపకు ఆనించుకుని ఏడ్చింది. అవ్వ ఏమంటుందోనని మేమంతా ఆమె వైపు చూశాం. ఆమె ఫోటో అడిగి తీసుకుంది. కొంగుతో తుడిచి, వాకిట్లోకి వెళ్లి వెలుతురులో చూసింది. "ఇంకోటి లేదేమప్పా?" అంది.

లేదు.

చిన్నాన్న చెప్పిన ఆ అనుమానం నాలోంచి ఇప్పటికీ పోలేదు. మనవళ్లకు ఫోటో తీసేటప్పుడు వెనక ఎవరో వద్దంటున్నట్టే ఉంటుంది. అయినా తీస్తాను. తీశాక, వాళ్లను ఇంకాసేపు నిలబెట్టి రెండోది కూడా తీస్తాను.